నిచ్చెన కాలి కింద ఇటుక పెట్టమనే సలహా తప్పు

పండగ ముందు ఇళ్ళకు రంగులు వేయించే రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతోంది. చాలామంది 'ఉపయోగపడే సమాచారం' అని ముందుకు పంపిస్తున్నారు. అందులో చెప్పేది ఇదీ: ఇంటికి ఒక్క ఐదు మెట్ల అల్యూమినియం మడత నిచ్చెన ఉంటే చాలు, 150 కిలోలు మోస్తుంది కాబట్టి భయం లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే లోతుగా ఉన్న కాలి కింద ఇటుకో చెక్కముక్కో పెట్టుకోవాలి. ఎత్తు చాలకపోతే నిచ్చెనను మడిచి గోడకు వాల్చుకోవాలి. కింద ఒక మనిషి పట్టుకుంటే ఇక ఏమీ కాదు. ఇందులో మొదటి మాట సగం నిజం. మిగతావన్నీ మనిషిని కింద పడేసే మాటలే, అందుకే ఒక్కొక్కటీ విడిగా చెబుతున్నాను.

ఐదు మెట్ల మడత నిచ్చెన ఇంట్లో పనికి మంచిదే. ఫ్యాను తుడవాలన్నా, అటక మీద సామాను దించాలన్నా, కర్టెన్ రాడ్డు బిగించాలన్నా అదే సుఖం. కాకపోతే అది చదునైన గచ్చు కోసం చేసిన వస్తువు. నాలుగు కాళ్ళూ పూర్తిగా నేలకు ఆనాలి, మధ్య లాకు పడాలి, తడి ఉండకూడదు. నున్నటి టైల్స్ మీద కొంచెం దుమ్మున్నా నిచ్చెన కాళ్ళకు ఉండే రబ్బరు బూటు పట్టు తగ్గుతుంది. అదే నిచ్చెనను పోర్టికో ర్యాంపు మీదికో, పెరట్లో మట్టి మీదికో తీసుకెళ్తే లెక్క మారిపోతుంది. నాలుగు కాళ్ళలో మూడే ఆనుతాయి, నాలుగోది గాల్లో ఉంటుంది, మీరు ఒక పక్కకు ఒరగగానే అది టక్కున కిందికి దిగుతుంది. ఆ చిన్న కుదుపు చాలు మనిషి తూలడానికి.

ఇక ఇటుక సంగతి. ఈ సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే చూడటానికి తెలివైన ఉపాయంలా ఉంటుంది. గోడకు వాల్చిన నిచ్చెనకు కాళ్ళ మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకోండి. ఒక కాలు రెండోదానికంటే 3 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ళ మందం, కిందికి దిగిందనుకోండి. 2.4 మీటర్ల ఎత్తులో నిచ్చెన పక్కకు 18 సెంటీమీటర్లు జరుగుతుంది. కాళ్ళ నడిమి నుంచి అంచు దాకా ఉన్నదే 20 సెంటీమీటర్లు. అంటే మీరు ఇంకా చెయ్యి కూడా చాపకముందే మీ బరువు దాదాపు అంచు మీదికి వచ్చేసింది, బ్రష్షు పట్టుకుని కాస్త పక్కకు వంగితే చాలు. ఇటుక పెట్టి ఆ తేడా పూడ్చాం కదా అంటారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారిన ప్రతిసారీ ఆ ఇటుక కదులుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది, మట్టి మెత్తగా ఉంటే దిగబడుతుంది. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి నేలలు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎండకు బీటలు, వానకు బురద. పొద్దున సమంగా నిలబడిన నిచ్చెన మధ్యాహ్నం వాన జల్లు పడ్డాక అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

మరి ఏం చెయ్యాలి? మట్టి నేలైతే దిగువ కాలిని ఎత్తకండి, ఎగువ కాలి కింద మట్టి తవ్వి రెండూ సమం చెయ్యండి. నేల మెత్తగా ఉంటే రెండు కాళ్ళ కిందా కలిసొచ్చేలా ఒకే వెడల్పాటి పలక వేయండి. సిమెంటు వాలు, రాతి నేల అయితే తవ్వడం కుదరదు. అక్కడ ఒక్కో కాలి పొడవును విడిగా సర్దుకునే నిచ్చెన కావాలి, లేదా నిచ్చెన కాళ్ళకు బిగించే లెవెలర్లు, అంటే కాలి ఎత్తు సర్దే అమరికలు, కావాలి. కొనేటప్పుడు చాలామంది ఇక్కడే మోసపోతారు: పొడవు పెరిగే టెలిస్కోపిక్ నిచ్చెన అన్నిటికీ పనికొస్తుందని అనుకుంటారు. మామూలు టెలిస్కోపిక్ నిచ్చెనలో రెండు పక్కలా కలిసే పొడవు పెరుగుతాయి, కాబట్టి పక్కవాలుకు దానితో ఉపయోగం లేదు. ముందు పక్క పొట్టిగా, వెనక పక్క పొడుగ్గా పెట్టుకునే మల్టీపర్పస్ నిచ్చెనలు ఉన్నాయి, అవి మెట్ల మీద పనికి బాగుంటాయి, కానీ కుడి ఎడమల తేడాను అవీ తీర్చవు. విశాఖలో కొండవాలున్న ఇళ్ళవాళ్ళు, హైదరాబాద్‌లో రాతిగుట్టల మీద కట్టుకున్నవాళ్ళు ముందు తమ నేల ఎటు వాలి ఉందో చూసుకుని అప్పుడే షాపుకు వెళ్ళాలి. ఏడాదికోసారి గోడ రంగు కోసమే అయితే కొనకుండా పరంజా అద్దెకు తెప్పించుకోవడమే నయం.

150 కిలోల మాట. నిచ్చెన చదునుగా, సరిగ్గా నిలబడి ఉన్నప్పుడు మెట్లు, కమ్మీలు ఎంత బరువు ఓర్చుకుంటాయో చెప్పే అంకె అది. నిచ్చెన పక్కకు ఒరగదని అది ఎక్కడా హామీ ఇవ్వదు. మీ బరువుతో పాటు చేతిలోని రంగు డబ్బా, డ్రిల్లు అన్నీ ఆ 150లోనే లెక్క.

మడత నిచ్చెనను మడిచి గోడకు వాల్చడం: వద్దు. అలా వాలిస్తే కింద రబ్బరు పూర్తిగా ఆనదు, అంచు మాత్రమే తగులుతుంది, పైన గోడకు ఆనేది నున్నటి ప్లాస్టిక్ టోపీ. పైకెక్కే పనికి గోడ నిచ్చెన వేరే ఉంది. దానికి కొలత తేలిక, నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున అడుగు భాగాన్ని గోడకు దూరంగా పెట్టాలి. మెట్లగది స్లాబు మీద ట్యాంకు కడగాలి, అది డాబా నుంచి 10 అడుగుల ఎత్తు అనుకుందాం. నిచ్చెన కాలు గోడ నుంచి రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి, స్లాబు అంచు దాటి పైకి ఇంకో మూడు అడుగులు ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. అంటే పదమూడున్నర అడుగుల నిచ్చెన కావాలి, పది అడుగులది కాదు. పైకొసను తాడుతో కట్టేయండి.

కింద పట్టుకునే మనిషి ఉండటం మంచిదే, కాళ్ళు జారకుండా ఆపగలడు. కానీ పైన ఒరిగిపోతున్న 70 కిలోల మనిషిని కింద చెయ్యి వేసి నిలబెట్టలేడు, పైగా పడేది అతని మీదే.

ఆ సందేశంలో అసలు లేని మాట ఒకటుంది, కరెంటు. అల్యూమినియం నిచ్చెన ఎత్తి నిలబెట్టేటప్పుడు పైకొస సర్వీసు వైరుకో, బాల్కనీ పక్కగా పోయే 11 కేవీ లైనుకో తగిలితే కింద పట్టుకున్నవాళ్ళకే ముందు షాక్ కొడుతుంది. ఫైబర్‌గ్లాస్ నిచ్చెనలు ఈ పనికోసమే ఉన్నాయి. వెదురు నిచ్చెన ఉంది కదా అనుకోకండి, తడిస్తే దానిలోంచీ కరెంటు పారుతుంది. ఇంటి లోపల అయితే మెయిన్ ఆపండి, బయట లైను దగ్గరైతే కరెంటు ఆఫీసుకు చెప్పి సరఫరా ఆపించాకే నిచ్చెన ఎత్తండి.