సుగ్గికి ముందే బడి కబురు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దసరా దాటిందంటే ఊళ్ల తీరు మారిపోతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హాలహర్వి ప్రాంతాల కుటుంబాలు బియ్యం సంచులు, వంటపాత్రలు, పడక చాపలు లారీల్లోకి ఎక్కించుకుని మొదట పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరప కోతకు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు, తెలంగాణకు బయలుదేరుతాయి. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఆ కాలపు సంబరం. మన సరిహద్దు పల్లెలకు వచ్చేసరికి ఆ మాటలోని సంబరం రాలిపోయి వలస ఒక్కటే మిగిలింది. ఉగాదికి మళ్లీ ఇళ్ల తాళాలు తీసేదాకా ఊళ్లో ఉండేది అవ్వాతాతలు, వారి దగ్గర వదిలిపెట్టిన పిల్లలు. ప్రాథమిక పాఠశాల మాత్రం ఏ మార్పూ లేనట్టు ఎప్పటి వేళకే గంట కొడుతుంది.

వలసకు కారణాలేమిటో, సాగునీరు ఎందుకు రాలేదో ఈ పేజీలో చాలాసార్లు రాశాం, మళ్లీ రాస్తాం. ఈరోజు అడగదలచుకున్నది అంతకంటే చిన్న విషయం. బడి తన విశేషాలను, తన లెక్కలను, తన లోటుపాట్లను తల్లిదండ్రులకు ఎప్పుడు చెబుతోంది? వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడా, లేనప్పుడా?

చెప్పడం బడి దయ మీద ఆధారపడిన పని కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతూ, తల్లిదండ్రులతోనూ సంరక్షకులతోనూ క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలని, బిడ్డ హాజరు ఎలా ఉందో, నేర్చుకునే శక్తి ఎంత ఉందో, ఏ మేరకు ముందుకు సాగుతున్నదో వారికి తెలియజేయాలని స్పష్టంగా నిర్దేశించింది. అదే చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని చెప్పింది. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం ఆ కమిటీ పనులు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. చాలా పల్లెల్లో చైర్‌పర్సన్ కుర్చీలో కూలికి పోయే తల్లులే కూర్చున్నారు. సంతోషించవలసిన సంగతే. అయితే ఆ తల్లి నవంబరులో ఏ ఊరి పత్తి చేనులో ఉంటుందో కమిటీ తీర్మానాల పుస్తకానికి తెలియదు.

రాష్ట్రవ్యాప్తంగా ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ఆత్మీయ సమావేశాలు జరపడం మంచి ఆలోచన. 2024 డిసెంబరు 7న తొలిసారి అవి జరిగినప్పుడు బడి ముంగిట తల్లులు ముగ్గులు వేశారు, తండ్రులు తాడు లాగారు, పిల్లలతో కలిసి భోజనం చేశారు. తమ కాలంలో బడి గడప తొక్కని వారు సైతం బిడ్డ పక్కన బల్ల మీద కూర్చున్న ఆ పూటను తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. కానీ డిసెంబరు మొదటి వారానికి పడమటి మండలాల్లోని ఎన్నో ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. రెండోసారి 2025 జూలై 10న జరిపారు. ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికే వచ్చారు కనుక ఆ రోజు సీమ వార్తల్లో నిలిచింది. జూలై రెండో వారం వాన పడితే విత్తనం వేసే అదను, ముందే వేసినవారికి కలుపు తీసే పని. ఆ పూట బడికి రావాలంటే ఒకనాటి కూలి వదులుకోవాలి. విజయవాడలో నిర్ణయించే తేదీ రాష్ట్రమంతటికీ ఒకటే కావచ్చు, కోసిగి పంచాంగం మాత్రం వేరు.

పెద్ద సమావేశాల సంగతి పక్కనబెట్టి రోజువారీ కబురు ఎలా చేరుతున్నదో చూద్దాం. మా విలేఖరులు వెళ్లే పల్లెల్లో బడి గోడలకు కొదవలేని రాతలున్నాయి. వారం రోజుల భోజన పట్టిక రంగుల్లో ఉంటుంది, టోల్‌ఫ్రీ నంబరు ఉంటుంది, ఫ్లెక్సీ మీద నాయకుల బొమ్మలూ ఉంటాయి. వాటి మధ్య ఉన్న నల్లబల్ల మీద తేదీ, నమోదు, హాజరు అని మూడు గీతలు గీసి, హాజరు గడిలో మాత్రం సుద్దముక్క పెట్టి చాలా రోజులైనట్టు కనిపిస్తుంది. అదే వేళకు పిల్లల హాజరు యాప్‌లో ఎక్కి ఉంటుంది, భోజనం చేసిన వారి సంఖ్య ఎక్కి ఉంటుంది. మొక్క నాటితే ఫొటో, చేతులు కడిగితే ఫొటో, బాలల దినోత్సవానికి నెహ్రూ వేషం వేస్తే ఫొటో. అవన్నీ మండల విద్యాధికారికి, అక్కడి నుంచి పైకి క్షణాల్లో చేరుతాయి. బడి పక్క సందులో ఉన్న అవ్వకు చేరవు. కబురు పైకి పరుగెత్తినంత వేగంగా పక్కింటికి నడవకపోవడం ఈ రోజుల చిత్రం.

వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి కదా అని అధికారులు అంటారు. ఉన్నాయి. స్మార్ట్‌ఫోన్ తండ్రి జేబులో నరసరావుపేట దగ్గర మిరప తోటలో ఉంటుంది. పైగా గ్రూపులో వచ్చే మాటలు చూస్తే ‘ఎఫ్‌ఎల్‌ఎన్ బేస్‌లైన్’, ‘హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు’, ‘ఫార్మేటివ్ అసెస్‌మెంట్’. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 60 శాతం, మహిళల్లో సగానికి కాస్త తక్కువ. వయోజన విద్యకూ గ్రంథాలయోద్యమానికీ జీవితాన్ని ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది ఈ కర్నూలులోనే. ఆయన పుట్టిన గడ్డ మీద ఇవాళ్టికీ చదవలేని తల్లికి చదవలేని కార్డు పంపి, సంతకానికి బదులు వేలిముద్ర తీసుకుని, సమాచారం ఇచ్చామని రాసుకోవడం న్యాయం కాదు.

ఆ తల్లి తెలుసుకోవాలనుకునేది నిజానికి చాలా సూటి సంగతి. బిడ్డకు చదవడం వచ్చిందా, లేదా? మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, చిన్న లెక్కలు చేయాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టుకుంది. గడువు 2026-27. ఆ లక్ష్యం ఎంతవరకు నెరవేరిందో తల్లికి చెప్పడానికి కార్డు అక్కరలేదు. రెండో తరగతి తెలుగు వాచకం తీసి, తల్లి ఎదుట నిలబెట్టి, ఒక పేజీ బిడ్డ చేత పైకి చదివిస్తే చాలు. ఎక్కడ తడబడుతున్నాడో, ఒత్తు ఎక్కడ మింగేస్తున్నాడో, కొమ్ము దీర్ఘం దగ్గర ఎందుకు ఆగాడో అక్షరం రాని తల్లి కూడా చెవితో పట్టుకుంటుంది. కొందరు ఉపాధ్యాయులు ఎవరూ చెప్పకుండానే ఇలా చేస్తున్నారు. అలాంటి బడిలో సమావేశం రెండు గంటలు సాగినా తల్లులు లేచి వెళ్లరు. ప్రసంగాలున్న చోట అరగంటకే కొంగు సర్దుకుంటారు.

ఇక హాజరు. ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలన్నది చట్టం షెడ్యూలులోని మాట. అమ్మఒడి రోజుల్లో తల్లి ఖాతాలో సొమ్ము పడాలంటే బిడ్డకు 75 శాతం హాజరు ఉండాలన్నారు. అంటే 200 రోజుల్లో 50 రోజులకు మించి బడి తప్పరాదు. మూడు నెలలు మిరప కోతకు తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లవాడు ఆదివారాలు, పండుగ సెలవులు తీసివేసినా అరవై, డెబ్బై బడి రోజులు పోగొట్టుకుంటాడు. ఈ లెక్కను ఆ కుటుంబానికి సెప్టెంబరులోనే చెప్పిన బడి ఎన్ని? చెబితే కొందరైనా బిడ్డను అవ్వ దగ్గర వదులుతారు, లేదా వలస పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిపే సీజనల్ హాస్టల్‌లో చేర్పిస్తారు. ఆ హాస్టల్ కూడా లారీ కదలకముందే తెరిచి, పొయ్యి వెలిగి, రాత్రి ఎవరు తోడుంటారో తల్లికి కళ్లారా కనిపిస్తేనే బిడ్డను వదలడానికి ఆమె మనసు ఒప్పుకుంటుంది. ఊరు ఖాళీ అయ్యాక మంజూరు ఉత్తర్వు వస్తే ఆ హాస్టల్ కాగితం మీదే నిండుతుంది. ఆడపిల్లల విషయంలో ఈ జాప్యం ఖరీదు ఇంకా ఎక్కువ. చెల్లిని చూసుకోవడానికి అని మిరప చేను గట్టు మీద కూర్చోబెట్టిన నాలుగో తరగతి పిల్ల మరుసటి ఏడాది చేతిలో బుట్ట పట్టుకుంటుంది.

డబ్బు సంగతి కూడా కమిటీ ముందు విప్పి చెప్పాలి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ప్రకటించిన 15,000 రూపాయల్లో తల్లి ఖాతాకు చేరింది 13,000. మిగిలిన 2,000 పాఠశాలల అభివృద్ధికి, నిర్వహణకు అన్నారు. మంచిదే, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటే బాగుపడేది వాళ్ల పిల్లలే. కానీ ‘మా రెండు వేలు ఏమయ్యాయి సార్’ అని తల్లి అడిగితే ప్రధానోపాధ్యాయుడి వద్ద జవాబు ఉండాలి. ఆ సొమ్ము తన చేతికి రాదు కనుక తనకు తెలియదని ఆయన చెప్పవలసి రావడం ఇద్దరికీ అవమానం. ఫలానా బడికి ఇంత ఇచ్చాం, దేనికి ఇచ్చాం అని పైనుంచి ఒక కాగితం దిగితే ఆయనే చదివి వినిపిస్తారు.

2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు చాలామంది తల్లిదండ్రులకు ఆ సంగతి బడి తెరిచిన రోజుల్లోనే తెలిసింది. ఊరూరా ధర్నాలు జరిగాయి. ఆ తరలింపునకు ఆధారమైన 117 జీవో ఆ తర్వాత రద్దయింది, 2025లో బడుల అమరిక మళ్లీ మారింది. మార్పు మంచిదా చెడ్డదా అన్నది అలా ఉంచి, ఏడేళ్ల పిల్లవాడు రేపటి నుంచి రోడ్డు దాటి వేరే బడికి పోవాలంటే ముందుగా వినవలసింది వాడి తల్లి.

ఉపాధ్యాయుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. ఒకరే పాఠం చెప్పి, ఒకరే గుడ్లు లెక్కపెట్టి, ఒకరే యాప్‌లన్నీ నింపే బడులు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు ఉపాధ్యాయులను వాడరాదని 27వ సెక్షన్ అంటున్నా, ఫోన్‌లో నింపే గడులు ఆ లెక్కలోకి రావడం లేదు. తల్లిదండ్రుల సమావేశం కూడా మరో యాప్, మరో ఫొటో అయితే వారు దాన్నీ మొక్కుబడిగా ముగించేస్తారు. తప్పు వారిది మాత్రమే కాదు.

అందుకే ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల కలెక్టర్లనూ విద్యాధికారులనూ మేం కోరేది కొత్త పథకం కాదు. వలసలున్న మండలాల్లో దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం, కూలి నుంచి తిరిగొచ్చే వేళ దాటాక, ఏడు గంటలకు బడిలో సమావేశం పెట్టండి. బెంగళూరు కట్టడం పనులకు వెళ్లే అనంతపురం పల్లెల్లో వారు ఏ పండుగకు ఊరికొస్తారో చూసి ఆ మర్నాడు పెట్టండి. పీర్ల పండుగకో, ఊరి జాతరకో వస్తే అదే అదను. ముందు రోజు పంచాయతీ మైకులో చెప్పించండి, గుడి మైకులోనూ మసీదు మైకులోనూ చెప్పమన్నా ఎవరూ కాదనరు. ఆలూరు, కౌతాళం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి, ఉర్దూ మాట్లాడే వాడలు ఆదోనిలోనూ కడపలోనూ ఉన్నాయి. వారి మాటలో చెప్పేవారు ఊళ్లోనే దొరుకుతారు. సమావేశం ఫొటో ఆ రోజు అడగకండి.

మరొక్క సంగతి. చట్టం కమిటీలో తల్లిదండ్రులతోపాటు సంరక్షకులకూ చోటిచ్చింది. సంరక్షకులంటే బిడ్డ ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉంటే వారని రెండో సెక్షన్‌లోనే వివరణ ఉంది. సుగ్గి నెలల్లో బిడ్డకు తలదువ్వి, సంగటి పెట్టి, బడికి పంపేది అవ్వ. జ్వరమొస్తే బడి నుంచి కబురు వెళ్లవలసిందీ ఆమెకే. లారీ ఎక్కేముందు తల్లి తన బదులు ఎవరిని పిలవాలో ప్రధానోపాధ్యాయుడికి చెప్పి, ఆ పేరు రాయించి వెళ్లే ఏర్పాటు ఉంటే డిసెంబరులో జరిగే కమిటీ సమావేశంలో ఆ అవ్వ తల్లి కుర్చీలో కూర్చుంటుంది. ఆమె అడిగే మొదటి ప్రశ్న గుడ్డు గురించో, పైకప్పు కారుతున్న గది గురించో అవుతుంది. ఆ ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో ఆమె మాటల్లోనే రాయాలి.