సేజ్ ఆకు వాసన పోనివ్వకండి

పోయినేడాది నవంబరులో ఇక్కడి తెలుగువాళ్లందరం కలిసి చేసుకున్న థాంక్స్‌గివింగ్ పండగ విందులో బల్ల మీద ట్రేలు లెక్కపెట్టాను. బిర్యానీలు నాలుగు, గుత్తి వంకాయ రెండు, పనీర్ కూరలు మూడు, గారెలు, పెరుగన్నం, డబల్ కా మీఠా. ఒక మూల కొట్లో కాల్చి తెచ్చిన టర్కీ కోడి, దాని పక్కన అట్టపెట్టెలోంచి తీసి వేడినీళ్లు కలిపిన స్టఫింగ్, అంటే మసాలా ఆకులు వేసిన రొట్టె ముక్కల వంట, ఒక గిన్నెడు. విందు అయ్యేసరికి అన్నీ ఖాళీ అయ్యాయి, ఆ గిన్నె తప్ప. "అది చప్పగా ఉంటుందండీ" అన్నారు నా పక్కన కూర్చున్నాయన. ఆయన పళ్లెంలో అది ఒక్క చెంచా కూడా లేదు.

నాకు మనసు చివుక్కుమంది. బిర్యానీ వద్దని నేను అనను. కానీ ఈ అమెరికాలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం, ఇళ్లు కట్టుకున్నాం, పిల్లల్ని పెంచుకున్నాం. ఏడాదికి ఒక్కరోజు ఈ ఊరివాళ్ల పొయ్యి మీద ఉడికే వంట మన చేత్తో ఒక్కటైనా చేయలేమా? చేస్తే ఏది చేయాలి అని అడిగితే నా ఓటు టర్కీకి కాదు, స్టఫింగ్‌కే. అందులోనూ సాసేజ్, ఎండు పళ్లు వేసి చేసేదానికి.

నాకు ఇది నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. మేము ఒహాయోలో ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి ఏడాది మా ఇంటికి భోజనానికి పిలిచాను. గోంగూర మాంసం చేశాను. ఆ పులుపు ఆవిడకి కొత్త. అయినా పంచదార అడగలేదు, కెచప్ అడగలేదు. "మీరు దీన్ని ఎలా కలుపుకుని తింటారు?" అని అడిగి, నేను చూపించినట్టే అన్నంలో కలుపుకుని తిన్నారు. ఆ నవంబరులో తన స్టఫింగ్ ఎలా చేస్తారో కాగితం మీద రాసిచ్చారు. నేను ఇంటికొచ్చి అందులో అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, నాలుగు పచ్చిమిరపకాయలు వేసి ఆవిడకే తీసుకెళ్లి పెట్టాను. ఆవిడ మొత్తం తిని, "చాలా రుచిగా ఉంది. కానీ నా సేజ్ ఆకు వాసన ఎక్కడికి పోయింది?" అన్నారు.

ఆ మాట నన్ను వదలలేదు. నా గోంగూరని ఆవిడ గోంగూరగానే తిన్నారు. ఆవిడ వంటని నేను ఆవిడ వంటగా ఉండనివ్వలేదు.

అసలు స్టఫింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు. వంకాయలో కారం కూరినట్టు, పక్షి కడుపులో రొట్టె, ఉల్లి, ఆకులు, మాంసం కలిపి కూరి కాల్చేది. అదే మిశ్రమాన్ని విడిగా ట్రేలో పెట్టి బేక్ చేస్తే చాలామంది డ్రెస్సింగ్ అంటారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ మాటే ఎక్కువ వినిపిస్తుంది, అక్కడ గోధుమ రొట్టె బదులు మొక్కజొన్న రొట్టె వాడతారు. ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ తీరంలో ఆయిస్టర్లు (ఆల్చిప్పల మాంసం) వేస్తారు. థాంక్స్‌గివింగ్ 1863లో అధ్యక్షుడు లింకన్ ప్రకటనతో దేశమంతటి పండగ అయింది. నవంబరు నాలుగో గురువారం అని అక్కడి పార్లమెంటు, కాంగ్రెస్, చట్టం చేసింది 1941లో. పెట్టెలో దొరికే స్టఫింగ్ మార్కెట్లోకి వచ్చింది 1972లో. అంటే మనం "చప్పగా ఉంటుంది" అని తీర్పు చెప్పేది చాలాసార్లు ఆ పెట్టె గురించే. ఇన్‌స్టంట్ పులిహోర పొడి కలిపిన అన్నం తిని ఎవరైనా పులిహోర గురించి తీర్పు చెబితే మనం ఒప్పుకుంటామా?

ఇక మనవాళ్లు చెప్పే రెండో అభ్యంతరం: మాంసంలో తీపి పళ్లు ఏమిటి? ఈ మాట మనం అనకూడదు. చింతచిగురుతో మాంసం వండేది మనమే. మామిడికాయ వేసి మాంసం వండేదీ మనమే. కొవ్వుకి పులుపు తోడు కావాలని మన అమ్మమ్మలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గుమ్మడికాయ పులుసులో బెల్లం వేసుకునే నాలుక మనది. ఎండిన ఆప్రికాట్‌ని నానబెట్టి ఖుబానీ కా మీఠా చేసే హైదరాబాదూ మనదే. మా పక్కింటావిడ దక్షిణ ఒహాయోలో పొలం ఉన్న ఇంట్లో పెరిగారు. వాళ్లమ్మ ఆపిళ్లు కోసి ఎండబెట్టి, చలికాలంలో స్టఫింగ్‌లో వేసేదట. అది విన్నప్పుడు నాకు మా మేడ మీద చాప పరిచి ఎండబెట్టిన మామిడి ఒరుగులు గుర్తొచ్చాయి. వాళ్లవీ ఒరుగులే. కాయ దొరికే కాలంలో ఎండబెట్టి, దొరకని కాలంలో కూరలో వేసుకోవడం.

ఏ పళ్లు వేయాలో కొంచెం ఆలోచించాలి. ఎండు క్రాన్‌బెర్రీలు అందరూ వేస్తారు, కానీ పచ్చి క్రాన్‌బెర్రీ విపరీతమైన పులుపు కాబట్టి ఎండబెట్టేముందు దానికి చక్కెర బాగా పట్టిస్తారు. అవి ఒక్కటే వేస్తే ట్రే అంతా తియ్యబడుతుంది. నేను మిషిగన్ పుల్లచెర్రీలు ఎండబెట్టినవి సగం, ఎండు ఆప్రికాట్ సగం వేస్తాను. కాలిఫోర్నియా ఆప్రికాట్లు పులుపు, టర్కీ దేశంవి తీపి. దొరికితే పుల్లవే కొనండి. కిస్‌మిస్ వేసినా తప్పులేదు. ఏది వేసినా ఒక కప్పు దాటకూడదు. పళ్లని ముందుగా గోరువెచ్చని ఆపిల్ సైడర్‌లో (ఆపిల్ రసం, వెనిగర్ కాదు) అరగంట నానబెట్టాలి. నానబెట్టకుండా వేస్తే రొట్టెకి చేరాల్సిన తడిని అవి లాగేసుకుంటాయి, నోట్లో గట్టిగా తగులుతాయి.

సాసేజ్ దగ్గరకొద్దాం. ఇక్కడ కావలసింది బ్రేక్‌ఫాస్ట్ సాసేజ్, పైన తొక్క లేకుండా గొట్టంలాంటి ప్యాకెట్‌లో పంది ఖీమా ముద్దగా వస్తుంది. అందులో సేజ్, మిరియాలు ముందే ఉంటాయి. మా ఒహాయోకి ఇది సొంత వంట లాంటిది. బాబ్ ఎవాన్స్ 1940ల్లో గాలిపోలిస్ ఊళ్లో తన 12 స్టూళ్ల చిన్న హోటల్‌కి కావలసిన సాసేజ్ తన పొలంలోనే చేసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత అదే పెద్ద కంపెనీ అయింది.

పంది మాంసం మనలో చాలామంది తినరు. తిననివాళ్లకి ఈ వంట దూరం కానక్కర్లేదు. కోడి తొడ మాంసం ఖీమా ఒక పౌండు తీసుకోండి. ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను మిరియాల పొడి, రెండు టీస్పూన్ల సేజ్ పొడి, అర టీస్పూను థైమ్ ఆకు పొడి, చిటికెడు జాజికాయ పొడి, ఒక టీస్పూను బ్రౌన్ షుగర్, చిటికెడు మిరప పలుకులు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మాంసానికి ఉప్పూ ఆకూ బాగా పడతాయి. హలాల్ మాంసమే వాడేవాళ్లకీ ఇదే దారి. కొట్లో చికెన్ సాసేజ్ కొంటే మాత్రం లేబుల్ చివరిదాకా చదవండి. లోపల కోడి ఉన్నా పైతొక్క పందిది కావచ్చు.

సేజ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, మీద మెత్తటి నూగు. తులసి, పుదీనా ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే. పచ్చిగా నలిపితే కొంచెం ఘాటు, కర్పూరం వాసన. వెన్నలో పడగానే ఆ ఘాటు తగ్గి కమ్మదనం వస్తుంది, పోపులో కరివేపాకు పడగానే ఇల్లంతా తెలిసినట్టు. ఈ వాసనే స్టఫింగ్‌కి ప్రాణం. గరం మసాలా ఒక్క చెంచా పడితే ఇది కనబడదు. అందుకే మొదటిసారి చేసేవాళ్లని నేను బతిమాలుతున్నాను: ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చేయండి. కారం తక్కువైందనిపిస్తే మిరియాలు ఇంకో అర చెంచా వేయండి, అది ఈ వంటలో ఉన్నదే. దాని రుచి తెలిశాక మీ ఇష్టం. మూలం తెలియకుండా మార్చడం ఒకటి, తెలిసి మార్చడం ఇంకొకటి.

తొమ్మిది బై పదమూడు అంగుళాల ట్రేకి ఒకటిన్నర పౌండ్ల తెల్ల రొట్టె లేదా సవర్‌డో (పులియబెట్టిన పిండితో చేసే రొట్టె), ముప్పావు అంగుళం ముక్కలు. నిలవ రొట్టె చాలని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నిలవ ఉన్న రొట్టె గట్టిపడుతుందే కానీ అందులో తడి ఇంకా ఉంటుంది. ఓవెన్‌లో 250 డిగ్రీల (ఇక్కడ చెప్పేవన్నీ ఫారన్‌హీట్) మీద దాదాపు గంటసేపు, మధ్యలో రెండుసార్లు కలుపుతూ, కరకరలాడేదాకా ఎండబెడితే అప్పుడు అది రసాన్ని పీల్చుకుంటుంది కానీ ముద్దవదు. బొంబాయి రవ్వ వేయించకుండా ఉప్మా చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

సాసేజ్‌ని వెడల్పాటి మూకుట్లో పెద్ద పెద్ద పలుకులుగా విడగొట్టి, ఎర్రగా వేగేదాకా కదపకుండా వదలండి. తీసి పక్కన పెట్టి, ఆ కొవ్వులోనే ఒక స్టిక్ (అర కప్పు) వెన్న, రెండు పెద్ద ఉల్లిపాయల తరుగు, నాలుగు సెలరీ కాడల ముక్కలు వేసి మగ్గనివ్వాలి. పది పన్నెండు నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు. సెలరీ పచ్చిగా ఉండిపోతే మొత్తం వంటకి పచ్చివాసన వస్తుంది. చివర్లో రెండు పెద్ద చెంచాల పచ్చి సేజ్ తరుగు, ఒక చెంచా థైమ్. నా మాట వినండి, ఈ మూకుడు అడుగున పట్టుకున్న గోధుమరంగు గోకుడు పారేయొద్దు. పావు కప్పు సైడర్ పోసి గరిటతో గీకి అందులోనే కలిపేయండి, సగం రుచి అక్కడే ఉంది.

పెద్ద గిన్నెలో రొట్టె, సాసేజ్, ఉల్లి, సైడర్ వంపేసిన పళ్లు కలిపి, రెండున్నర కప్పుల చికెన్ స్టాక్‌లో రెండు గుడ్లు గిలకొట్టి పోయాలి. రొట్టె తడవాలి కానీ అడుగున రసం నిలవకూడదు. అల్యూమినియం రేకు కప్పి 350 డిగ్రీల మీద 35 నిమిషాలు, రేకు తీసి పై ముక్కలు దోరగా అయ్యేదాకా ఇంకో 20, 25 నిమిషాలు.

టర్కీ కడుపులో కూరొద్దు. లోపలి స్టఫింగ్ కూడా 165 డిగ్రీలకి చేరితేనే తినడానికి క్షేమం, ఎందుకంటే పచ్చి మాంసం రసం అందులోకి దిగుతుంది. మధ్య భాగం అంత వేడెక్కేసరికి పక్షి రొమ్ము మాంసం ఎండిపోయి పీచు అవుతుంది. పైగా ట్రేలో చేస్తేనే పైన కరకర, లోపల మెత్తన రెండూ వస్తాయి.

శాకాహారుల ట్రే విడిగా చేయాలి, వేరే గిన్నె, వేరే గరిట. పుట్టగొడుగులు ఒక పౌండు నీరంతా ఇగిరి ఎర్రగా అయ్యేదాకా వేయించి, అర చెంచా సోంపు దంచి వేస్తే సాసేజ్ లేని లోటు చాలావరకు తీరుతుంది. స్టాక్ కూరగాయలది. గుడ్డు తిననివాళ్ల కోసం గుడ్డు మానేసి స్టాక్ ఇంకో అరకప్పు పోస్తే సరిపోతుంది, ముక్కలు కాస్త విడివిడిగా వస్తాయి అంతే. మనలో ఎవరు ఏది తింటారో అడగడానికి కూడా మొహమాటపడతాం కాబట్టి ప్రతి ట్రే ముందు కార్డు పెట్టాలి: పంది ఉందా, కోడి ఉందా, గుడ్డు ఉందా, గింజలున్నాయా. పోయినేడాది ఒక్క ట్రే మీద కూడా రాయలేదు. ఒక పెద్దాయన ఏది శాకాహారమో తెలియక పెరుగన్నం ఒక్కటే తిని లేచారు. అది మన తప్పే.

ఇంకొకటి, చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది. మన విందుల్లో ఒంటిగంటకి పెట్టిన ట్రేలు ఉపన్యాసాలు, డాన్సులు అయ్యాక నాలుగింటికి కూడా అలాగే బల్ల మీద ఉంటాయి. మాంసం, గుడ్డు ఉన్న వంట 140 డిగ్రీల కంటే వేడిగా ఉండాలి, లేదంటే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ట్రేల కింద వెలిగించే స్టెర్నో డబ్బాలు ఎక్కువ ఖర్చు కాదు. ఉపన్యాసాలు ఒకటి తగ్గినా ఫర్వాలేదు.

మా పక్కింటావిడ ఇప్పుడు లేరు. ఆవిడ రాసిచ్చిన కాగితం మీద వెన్న మరకలు పడి "సేజ్" అన్న చోట అక్షరం చెరిగిపోయింది. కింద ఆవిడే రాసిన ఒక గమనిక మాత్రం చదవొచ్చు: మరునాడు పొద్దున మిగిలిన స్టఫింగ్‌ని పెనం మీద వెన్న వేసి రెండువైపులా కాల్చి, పైన ఒక గుడ్డు. మా ఇంట్లో శుక్రవారం పొద్దున అదే టిఫిన్. మా అమ్మాయి దానికోసమే గురువారం తక్కువ తింటుంది.

ఈసారి విందుకి ఎవరు ఏం తెస్తారో రాసే సైనప్ షీటులో స్టఫింగ్ ఎదురుగా నా పేరు రాశాను. పంది సాసేజ్‌తో ఒక ట్రే, పుట్టగొడుగులతో ఒక ట్రే. కోడి ఖీమాతో మూడోది ఎవరైనా చేస్తారేమోనని ఒక గడి ఖాళీగా వదిలాను. చేస్తామంటే ముందు శనివారం మా ఇంటికి రండి, రొట్టె ఎండబెట్టడం దగ్గర నుంచి కలిసి చేద్దాం. సేజ్ మొక్క మా పెరట్లోనే ఉంది, మంచు పడేదాకా ఆకులు కోసుకోవచ్చు.