ఐదు మీటర్ల స్వేచ్ఛ

ఆకులు రాలే కాలం వచ్చేసింది. పాత సమాధుల తోట, ఎర్రటి ఆకుల గుట్టలు, గెంతే కుక్క. ఫొటోకి ఇంకేం కావాలి? ఇంకొకటి కావాలట: ఐదు మీటర్లు సాగే లీష్, అంటే కుక్కకి కట్టే తాడు. యజమానిగారి ఒక చేతిలో ఆ తాడు చుట్టుకునే ప్లాస్టిక్ డబ్బా, రెండో చేతిలో ఫోను. కుక్క ఎక్కడుందో దైవానికెరుక. దీన్నే వారు శిక్షణ అంటారు.

ఆ పరికరం ప్రతాపం సమాధి రాళ్ల మధ్యే చూడాలి. ఉడత కనబడింది. కుక్కగారు మొదటి రాయికి కుడివైపు నుంచి, రెండోదానికి ఎడమవైపు నుంచి దూసుకెళ్లి, మూడోదాన్ని చుట్టేశారు. యజమాని బ్రేకు నొక్కారు. బ్రేకు డబ్బాలో ఉంది, కుక్క మూడో రాయి వెనక ఉంది. ఆయన చిక్కు తీయబోయి వెనక్కి తిరిగితే సన్నతాడు పిక్కకి చుట్టుకుంది. వట్టి చేత్తో పట్టుకున్నారు. అంతలో రెండో ఉడత! అరచెయ్యి కోసుకుపోయింది. పునాది కుంగి ఎప్పుడో పక్కకి వాలిన ఆ రాయికి ఇరవై కిలోల కుక్క గుంజుడు ఒక్కటి చాలు. పడితే కుక్క మీదే పడుతుంది, లేదా పక్కనున్న పిల్లాడి మీద.

రెండు మీటర్ల మామూలు పట్టా, ఒంటికి హార్నెస్, దారి మధ్య నడక. అంతే. గుట్టలోకి దూకనిచ్చే ముందు మీరు కర్రతో పొడిచి చూడండి. ఆకుల కింద కుంగిన గొయ్యో, విరిగిన రాతి అంచో, పుట్టగొడుగులో ఉండొచ్చు. ఓక్ కాయలు కుక్కకి పడవు. యూ అనే విషపు చెట్టు రెమ్మలు తింటే గుండే ఆగుతుంది. చలి మొదలైందని పిడుదులు సెలవు తీసుకోవు, ఇంటికెళ్లాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో వెతకండి. రాతి మీద కాలెత్తనివ్వకండి: మూత్రంలోని లవణాలు రాతిలోకి ఇంకి, గడ్డకట్టి, పైపొరని రాల్చేస్తాయి.

కుక్కలు రాకూడదని ఎవరన్నారు? అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1807 నాటి కాంగ్రెషనల్ సమాధుల తోట 1997లో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో కుక్కల్ని తిప్పేవాళ్లే ముందు. రుసుము కట్టారు, గడ్డి కోయించారు. అక్కడ వాళ్ల కుక్కలకి లీషే అక్కర్లేదు!

మనవాళ్లకి మాత్రం ఫొటో. పాత పసిపిల్లల సమాధుల మీద గొర్రెపిల్లని చెక్కేవారు. కుక్కని ఆ రాతి గొర్రెపిల్ల వీపెక్కించి, మెడలో ఆకుల దండేసి, ‘ఇటు చూడు బంగారం’. కింద తేదీలున్నాయి, చదివారా? రెండింటి మధ్య ఏడాది కూడా లేదు. ఒక తల్లి మోకాళ్ల మీద కూలబడి ఏడ్చిన చోటది. సిగ్గు లేదూ? దించండి కుక్కని. వెళ్తూ వెళ్తూ ఆ దేవదూత విగ్రహం వేలికి తగిలించిన మలం సంచీ కూడా తీసుకెళ్లండి.