జబ్బే కాదన్నాక మందెందుకు?

చార్లెస్ సిల్వర్‌స్టీన్ 2023 జనవరి 30న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 87 ఏళ్లు. తెలుగు పాఠకుల్లో ఆ పేరు విన్నవారు తక్కువ. స్వలింగ ఆకర్షణ మానసిక రోగమని అమెరికా మనోవైద్యుల గ్రంథంలో అచ్చయి ఉన్న రోజుల్లో, అది తప్పని ఆ వైద్యుల ఎదుటే కూర్చుని చెప్పిన మనిషి ఆయన. చెప్పి ఊరుకోలేదు. ఆ ముద్ర కింద నలిగినవారి గోడు వినే కౌన్సెలర్‌గా దశాబ్దాలు గడిపారు. ఆయనకు నివాళి రాయడానికి కూర్చుంటే మాకు దుఃఖం కంటే ముందు కోపమే వస్తోంది. 1973లో ఆయన నెగ్గిన వాదన మన ఊళ్లలో ఈనాటికీ చెల్లుబాటు కావడం లేదు.

సిల్వర్‌స్టీన్ మొదట బడిపంతులు. తనలోని ఆకర్షణను వదిలించుకోవాలని స్వయంగా ఏళ్ల తరబడి చికిత్స చేయించుకున్నారు. అది వదలలేదు. అందులో వదిలించుకోవలసింది ఏమీ లేదని తెలిశాక మనస్తత్వ శాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ఆ కాలపు చికిత్స ఎలా ఉండేదో ఒకసారి చూడాలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మగవాళ్ల బొమ్మలు చూపిస్తూ ఒంటికి కరెంటు షాకులిచ్చేవారు, లేదా వాంతి పుట్టించే మందు ఎక్కించేవారు. ఇది రహస్యంగా జరిగిన పని కాదు. 1972 అక్టోబరులో న్యూయార్క్ హిల్టన్ హోటల్లో నిపుణులు సదస్సు పెట్టుకుని మరీ దీనిపై పత్రాలు చదివారు. గే ఉద్యమకారులు ఆ సదస్సును అడ్డుకున్నారు. వారిలో సిల్వర్‌స్టీన్ ఒకరు.

ఆ అలజడి వల్లే మనోవైద్యుల సంఘం తలుపు తెరుచుకుంది. 1973 ఫిబ్రవరి 8న, రోగాల జాబితా చూసే కమిటీ ముందుకు ఆయన వెళ్లారు. అప్పటికింకా పరిశోధక విద్యార్థే. సిఫిలిస్ వస్తుందేమోనన్న భయం లాంటి వాటిని వైద్యులే ఒకప్పుడు రోగాలుగా రాసుకుని, తర్వాత తామే కొట్టేసుకున్న సంగతిని వారికి గుర్తుచేశారు. ఆ ఏడాది డిసెంబరు 15న అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను జాబితా నుంచి తీసేసింది. ఒప్పుకోని వైద్యులు పట్టుబట్టి సభ్యులందరి ఓటింగ్ పెట్టించారు. 1974లో 58 శాతం మంది ఆ నిర్ణయాన్నే నిలబెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అదే మాట అనడానికి 1990 మే 17 దాకా పట్టింది.

ఇక మన సంగతి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఇది జబ్బు కాదంది. 2021 జూన్‌లో మద్రాస్ హైకోర్టు, ఎవరినైనా మార్చేస్తామంటూ చేసే చికిత్సలు ఆపాలని ఆదేశించింది. 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్, ఇలాంటి ‘కన్వర్షన్ థెరపీ’ వైద్యవృత్తికి తగని నడవడి అంటూ రాష్ట్రాల వైద్య మండళ్లకు ఉత్తరం రాసింది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అయినా కొడుకు గే అని తెలిసిన మర్నాడే తండ్రి అతణ్ని వెంటబెట్టుకుని ‘మంచి డాక్టరు’ కోసం బయలుదేరుతున్నాడు. అలాంటి డాక్టరు దొరుకుతున్నాడు కూడా. మీటింగులో చప్పట్లు కొట్టి తీర్మానం చేసిన వృత్తిలోనే, కన్సల్టేషన్ ఫీజు తీసుకుని మందులు రాసేవారున్నారు. మేము నిలదీస్తున్నది ఈ రెండు నాల్కల ధోరణినే.

2020 మేలో కేరళకు చెందిన 21 ఏళ్ల విద్యార్థిని గోవాలో ప్రాణాలు తీసుకుంది. ఇంట్లోవాళ్లు తనను చికిత్స కేంద్రాల్లో పడేశారని, మత్తుమందులతో మనిషిని కాకుండా చేశారని అంతకు రెండు నెలల ముందు వీడియోలో చెప్పుకుంది. అప్పటికి సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఏడాదిన్నర దాటింది. మరి ఆ పిల్లకు చేసిన చికిత్స ఏ జబ్బుకు?

‘బాధతో తానే వచ్చి మార్చమని అడిగితే కాదనగలమా’ అని కొందరు వైద్యులు వాదిస్తారు. దానికి జవాబు 1972లోనే సిల్వర్‌స్టీన్ ఇచ్చారు. మారాలని అనుకుంటే తప్ప బతకనివ్వని లోకం ఏళ్ల తరబడి తరుముతుంటే వచ్చినవాణ్ని పట్టుకుని, ఇష్టపడి వచ్చాడని ఎలా అంటారని ఆయన అడిగారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మేనమామలు, పిన్నమ్మలు కూడబలుక్కునే మన ఇళ్లలో ఆ ఇష్టం ఏపాటిదో చెప్పాలా? చివరికి ఇంకో ఇంటి ఆడపిల్ల గొంతు కూడా కోస్తారు.

తెలియకపోవడం తప్పు కాదు. మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకు మదురై నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల కేసు వచ్చినప్పుడు, ఈ విషయం తనకే సరిగా అర్థం కాలేదని బాహాటంగా ఒప్పుకున్నారు. తీర్పు రాయకముందు స్వయంగా సైకాలజిస్టు దగ్గరకు వెళ్లి కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు జడ్జి చేయగలిగిన పని ఎంబీబీఎస్, ఎండీ చదివినవారికి చిన్నతనమా? మా పత్రికలూ తక్కువ తినలేదు. ప్రేమను వదిలి పడకనే పట్టుకునే ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాటనే ఏళ్లుగా శీర్షికల్లో పెడుతున్నాం. ఆ తప్పు మాది.

కమిషన్ ఉత్తరంలోనూ ఒక పెద్ద కంత ఉంది. అది రిజిస్టరైన డాక్టర్లకే వర్తిస్తుంది. క్లినికల్ సైకాలజిస్టులు వేరే మండలి కిందికి వస్తారు. కౌన్సెలర్ అని బోర్డు కట్టుకున్నవారు, తాయెత్తు కట్టే బాబాలు, రైలు పెట్టెల్లో ‘రహస్య వ్యాధులు’ అని కాగితాలు అంటించేవారు దాని పరిధిలోకే రారు. వీళ్లందరినీ పట్టే చట్టం దేశంలో లేదు. పెళ్లి హక్కు కోసం హైదరాబాద్ గే జంట వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023లో విన్నది, ఆ హక్కు ఇవ్వలేదు. ఆ పోరాటం సాగాల్సిందే. కానీ పెళ్లీడు దాకా పిల్లలు నిలబడాలి కదా. మందుల మత్తులో పడి ఉన్న పదహారేళ్ల కుర్రాడికి ఆ హక్కు అందేదెన్నడు?

సిల్వర్‌స్టీన్ నెలకొల్పిన కౌన్సెలింగ్ కేంద్రాలకు వెళ్లినవారికి మొదట దొరికింది, తమను మార్చాలని చూడని మనిషి. 1977లో ఆయన తల్లిదండ్రుల కోసమే ఒక పుస్తకం రాశారు. కొడుకుతో పాటు అమ్మానాన్నల భయాన్నీ వినాలని ఆయనకు తెలుసు. మన జిల్లా ఆసుపత్రిలో ఆ తల్లి ఎవరిని కలవాలి?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య మండళ్లను సూటిగా అడుగుతున్నాం. కమిషన్ ఉత్తరం రాసింది 2022లో. దాన్ని తెలుగులో ముద్రించి ఎన్ని ఆసుపత్రుల గోడల మీద అంటించారు? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో ఎక్కడ రాశారు? ఇప్పటిదాకా ఎందరు డాక్టర్లకు నోటీసులిచ్చారు? లెక్క బయటపెట్టండి. సున్నా అయితే సున్నా అనే చెప్పండి. మీ ఫైలు కదిలేలోపు ఈ వారం కూడా ఏదో ఒక క్లినిక్ బయట, టోకెన్ చేతిలో పట్టుకుని, తల దించుకుని ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు.