కొండెక్కిన పేదలనే తప్పుపడితే ఎలా?

పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో కొండచరియ విరిగిపడ్డ విపత్తుకు 'కొండవాలు మీద అక్రమ ఇళ్లే కారణం' అని మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇది అన్యాయం.

2017 ఆగస్టు 14న షుగర్ లోఫ్ కొండచరియ విరిగి రీజెంట్ ప్రాంతం మీద పడింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 1,141 మంది. మరి ఆ జనం అసలు కొండ ఎందుకెక్కారు? 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధంలో ఎంతోమంది ప్రాణాలు అరచేత పట్టుకుని రాజధానికి వచ్చారు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు. చదును నేల అప్పటికే నిండిపోయింది. మిగిలింది వాలు, లేదంటే క్రూ బే లాంటి ఒడ్డు బస్తీలు. పైన చెట్లు నరికితే నీళ్లూ మట్టీ చెత్తా దిగేది ఆ బస్తీల మీదికే. అదే కొండల్లో డబ్బున్నవాళ్ల బంగళాలూ లేచాయి, వాటి ఊసే ఎత్తలేదు మీరు!

మేయర్ యివోన్ అకీ-సాయర్ మొదలుపెట్టిన మొక్కల పథకం నాకు నచ్చింది. నాటి వదిలేయకుండా, మొక్క బతికిందని ఫోన్‌లో నమోదు చేసే స్థానికులకు డబ్బిస్తారు. కానీ ఇళ్ల అనుమతులూ భూముల వ్యవహారమూ నగరపాలక సంస్థ చేతిలో లేవు, జాతీయ ప్రభుత్వం దగ్గరున్నాయి. ఇటు మొక్కలు నాటుతుంటే అటు అడవి ప్లాట్లవుతోంది. నగరానికి తాగునీరిచ్చే గూమా జలాశయం పరీవాహక అడవికీ ఆ ముప్పు తప్పలేదు.

తర్వాతి వ్యాసంలోనైనా ఆ భూములు ఎవరు అమ్మారో, ఎవరు అనుమతిచ్చారో రాయండి.