సవరణ: ‘ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్’ గురించి నేను రాసినది

పాత రోల్ ప్లేయింగ్ గేమ్‌లను మళ్ళీ తీయాలా వద్దా అని మొన్న రాసిన పోస్టులో, 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’ గేమ్‌ను మళ్ళీ తీయగా 2020లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్’లో మెనూ నుంచి ఆదేశాలు ఎంచుకుంటూ ఆడే పాత పద్ధతి పూర్తిగా పోయిందని, పాత గేమ్ కథ మొత్తం అందులోనే ఉందని రాశాను. రెండూ తప్పే.

ఆ గేమ్‌లో ‘క్లాసిక్’ అనే మోడ్ ఉంది. అందులో పాత్రలు వాటంతట అవే కదులుతాయి, కొడతాయి, కాచుకుంటాయి. పోరాటంలో క్రమంగా నిండే గేజ్ (కొలపట్టీ) నిండగానే మెనూ తెరిచి ఏ మంత్రం వేయాలో, ఏ వస్తువు వాడాలో మనం చెప్పాలి. మెనూ తెరిచి ఉన్నంతసేపూ కాలం దాదాపు ఆగిపోతుంది కాబట్టి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. మొదట్లో ఇది సులువు స్థాయికే పరిమితం. 2021లో వచ్చిన ‘ఇంటర్‌గ్రేడ్’ అనే మెరుగుపరిచిన వెర్షన్‌లో సాధారణ స్థాయికీ ఇచ్చారు. పాత గేమ్ అభిమానులకు ఇది చిన్న విషయం కాదు.

ఇక కథ: 2020 భాగం మిడ్‌గార్ నగరం దగ్గరే ఆగుతుంది. పాత గేమ్‌లో అది ఆరంభ ఘట్టం మాత్రమే. తర్వాతి కథ 2024 నాటి ‘రీబర్త్’ అనే రెండో భాగంలో సాగింది, మిగతాది మూడో భాగానికి ఉంచారు. ఈ వివరాలు గేమ్ సెట్టింగ్స్‌లోనూ, ప్రచురణ సంస్థ ప్రకటనల్లోనూ ఉన్నాయి.

నేను రీమేక్‌లే వద్దన్నానని కొందరు అనుకున్నారు. కాదు, తీయాలి. పక్కనే పాతదీ అమ్మకానికి ఉండాలి. 1997 గేమ్ ఇప్పటికీ పీసీలోనూ, ఫోన్లలోనూ దొరుకుతోంది.