గాజుల తిట్టులోనే ఉంది మూలం

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం వేళ ఇద్దరు యువకులు భుజాల మీద చేతులు వేసుకుని కాళీమాత గుడి వైపు నడిచి వెళ్తుంటే ఎవరూ తల తిప్పి చూడరు. మద్దిలపాలెంలో ఇద్దరు అమ్మాయిలు కలిసి గది అద్దెకు అడిగితే ఇంటి యజమానికి నిశ్చింత. ఆ ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటున్నారని తెలిస్తే మాత్రం అదే స్నేహం రోత పుట్టిస్తుంది, సామాను వీధిలో పడుతుంది. నిన్నటికీ ఈ రోజుకీ కంటికి కనిపించేదేమీ మారలేదు. స్వలింగ ప్రేమికుల పట్ల ఇంతటి విముఖత మన మనసుల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నగరం తనను తాను అడగాలి.

ఇది పాశ్చాత్యుల జాడ్యమనే మాట తరచూ వినిపిస్తుంది. పాశ్చాత్యుల నుంచి మనకు వచ్చినది శిక్ష. బ్రిటిష్ అధికారి మెకాలే ముసాయిదా ఆధారంగా 1860లో తెచ్చిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఈ ప్రేమను ప్రకృతి విరుద్ధమంటూ యావజ్జీవ ఖైదు దాకా విధించింది. ఇంగ్లండ్ తన గడ్డ మీద 1967లోనే ఆ నేరాన్ని సడలించుకుంది. మనకు 2018 సెప్టెంబర్ 6 దాకా పట్టింది. మధ్యలో 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013లో సుప్రీంకోర్టే తీసేసింది. ఆ సెక్షన్ చేసిన కీడు జైలుతో ఆగలేదు. ఇష్టపడి దగ్గరైన ఇద్దరు పెద్దవాళ్లను, పసిపిల్లల మీద అఘాయిత్యం చేసినవాడిని 158 ఏళ్ల పాటు ఒకే గాటన కట్టింది. స్వలింగ ప్రేమికుడు పక్కింట్లో ఉంటే పిల్లలకు ప్రమాదమని నేటికీ భయపడే తల్లిదండ్రులు ఆ గందరగోళానికి వారసులు.

చట్టం మీద నెపం వేసి ఊరుకోలేం. సెక్షన్ పోయింది, వెక్కిరింత పోలేదు. దాని వేరు మన ఇళ్లలోనే ఉంది. వెనకడుగు వేసినవాడిని గాజులు తొడుక్కుని కూర్చోమంటాం. కన్నీరు పెట్టుకున్న పిల్లవాడిని ఆడపిల్లలా ఏడుస్తావేమని గద్దిస్తాం. ఆడతనం అంటే దిగజారడమని వాడికి ఐదేళ్లకే అర్థమవుతుంది. మగతనాన్ని నిత్యం రుజువు చేసుకుంటూ ఉండకపోతే చేజారిపోయే హోదాగా పెంచాక, ఒక మగవాడు మరో మగవాడిని ప్రేమించానంటే చుట్టూ ఉన్నవారికి తమ హోదాకే ఎసరు వచ్చినట్లు ఉంటుంది. కాలేజీ హాస్టల్లో మెత్తగా మాట్లాడే కుర్రవాడిని చూసి గట్టిగా నవ్వేవారిలో చాలామంది ఆ నవ్వు ఎక్కడ తమవైపు తిరుగుతుందోనని బెదిరినవారే. అమ్మాయిని ప్రేమించిన అమ్మాయి విషయంలో ఇదే చిన్నచూపు మరో రూపం తీసుకుంటుంది. ఆమె మాటను ఎవరూ లెక్కలోకే తీసుకోరు. సరైన సంబంధం కుదిరితే మరిచిపోతుందంటూ ఫోను లాక్కుని గదిలో పెట్టి గడియ వేస్తారు.

దీన్ని మన సంస్కృతి అంటే మేము ఒప్పుకోము. నాటక నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికి వస్తే తెలుగు నేల పరవశించింది. 1956లో ఆయనను పద్మశ్రీ వరించింది. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ జడ విసురుకు జనం దాసోహమయ్యారు. స్త్రీ పాత్ర వేయడం వేరు, ఎవరిని ప్రేమిస్తామన్నది వేరు. వారి కళను వారి సొంత జీవితంతో ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. స్త్రీ హొయలు పురుషుడి ఒంట్లో పలికితే చేతులెత్తి మొక్కిన జాతి మనదని గుర్తు చేస్తున్నాం. ఆ తాతల మనవలకు, నడుము ఊపుతూ నడిచే పాత్ర తెర మీదికి రాగానే నవ్వాలని దశాబ్దాల పాటు మన సినిమా హాస్యం నేర్పింది. ‘తేడా’ అనే మామూలు తెలుగు మాట అక్కడి నుంచే తరగతి గదిలోకి వచ్చి పదమూడేళ్ల పిల్లవాడి గుండెలో దిగుతోంది.

విశ్వాసం అడ్డు వచ్చి అంగీకరించలేనివారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ఆ విశ్వాసం వారి హక్కు. కానీ ధర్మగ్రంథాలు నిషేధించిన ఇతర పనులు చేసేవారితో మనం పొత్తులు కలుపుతాం, పంక్తి భోజనాలు చేస్తాం. ఈ ఒక్కరినే వెలివేయడానికి కారణం గ్రంథాల్లో దొరకదు. ఇక జబ్బు అనే వాదన ఎప్పుడో వీగిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. ‘మార్చేస్తామని’ వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చి చెప్పింది.

అయినా మందులు, తాయత్తులు అయిపోయాక ఇంటి పెద్దలు చివరికి పెళ్లి దగ్గరికే వస్తారు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదని, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదని సామెత. ఇక్కడ పిచ్చీ లేదు, కుదరడమూ లేదు. నలుగురూ ఏమంటారోనన్న బెంగ, వంశం ఆగిపోతుందన్న దిగులు మాత్రం ఉన్నాయి. వాటి కోసం ఏ పాపమూ ఎరుగని మరో ఇంటి ఆడపిల్ల మెడలో తాళి కట్టిస్తున్నారు. భర్త తనను ఎందుకు దగ్గరికి తీయడో తెలియక, లోపం తనలోనే ఉందనుకుంటూ ఆమె ఏళ్లు వెళ్లదీస్తుంది. పరువు నిలిచిందనుకునే పెద్దలకు ఆ రెండు జీవితాలూ కనిపించకపోవడం మమ్మల్ని కలచివేస్తోంది.

ఒకే స్థాయిలో, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచేసినప్పుడు మనుషుల మధ్య దురభిప్రాయాలు కరుగుతాయని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో వివరించారు. విశాఖకు ఇది కొత్త పాఠం కాదు. ఓడరేవు, రైల్వే, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఒడియా, బెంగాలీ, తమిళ, హిందీ కుటుంబాలను ఇక్కడికి తెచ్చాయి. ఒకే షిఫ్టులో చెమటోడ్చినవారు ఒకరి పండుగకు ఒకరు వెళ్లారు. స్వలింగ ప్రేమికులకు మాత్రం ఆ దారి మూసుకుపోయింది. ఒడియా వాడు తన మాటతోనే తెలిసిపోతాడు, వీరు భయంతో దాక్కుంటారు. దాక్కున్నారు గనుక, అలాంటివారు ఎవరూ మాకు తెలియదని మనం అంటాం. తెలియదు గనుక విన్నదంతా నమ్ముతాం. నమ్మినదంతా వారి చెవిన పడి మరింత లోపలికి ముడుచుకుంటారు.

ఈ ముడిని ఒక న్యాయమూర్తి బహిరంగంగా విప్పి చూపారు. 2021లో మదురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల పిటిషన్ మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకు వచ్చింది. వారి బంధం తనకు పూర్తిగా అర్థం కావడం లేదని ఆయన దాచుకోలేదు. తీర్పు చెప్పే ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఆ సంగతి ఉత్తర్వుల్లోనే రాశారు. అధికారం చేతిలో ఉన్న మనిషి తనకు తెలియదని ఒప్పుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

మా వంతు తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. ‘స్వలింగ సంపర్కులు’ అనే మాటను తెలుగు పత్రికలు ఏళ్ల తరబడి అచ్చువేశాయి, మేమూ వేశాము. భార్యాభర్తల గురించి రాసేటప్పుడు ప్రేమ, కాపురం, సంసారం అనే మాటలు వాడి, వీరి విషయానికి వచ్చేసరికి పడకగది తలుపు తెరిచి చూపే మాటను ఎంచుకున్నాం. చదివినవారి మనసులో మనిషి కంటే ముందు ఆ క్రియ మెదిలిందంటే అందులో మా సిరా ఉంది. రేపటి సంచిక నుంచి ఆ మాట మా పుటల్లో ఉండదు, ‘స్వలింగ ప్రేమికులు’ అనే రాస్తాం. పొరపాటున ఎక్కడైనా పాత మాట కనిపిస్తే పాఠకులు ఉత్తరం రాసి మమ్మల్ని నిలదీయవచ్చు, ఆ ఉత్తరాన్ని ఇదే పుటలో ప్రచురిస్తాం.